తొట్టి దగ్గర కోసిన ముక్క

సినిమా ఎడిటింగ్ నేర్చుకునే పిల్లలు అప్పుడప్పుడూ నా దగ్గరికి వస్తుంటారు. ఎవరో మాస్టారు నా పేరు చెప్పి పంపిస్తారు. వాళ్లు తీసిన చిన్న సినిమా చూపించి, చివరికి అందరూ ఒకే మాట అడుగుతారు. ఓపెనింగ్ ఎలా కోస్తే మనిషి కుర్చీలోంచి కదలకుండా కూర్చుంటాడు సార్?

ఒకప్పుడు ఈ ప్రశ్నకు ఉత్సాహంగా జవాబు చెప్పేవాణ్ని. ఎనభైల మొదట్లో మా విభాగంలో విద్యార్థులు తీసిన ఒక చిన్న సినిమాను ఉదాహరణగా చెప్పేవాణ్ని. దాని మొదటి రెండు షాట్లకు వచ్చినన్ని చప్పట్లు నా ఉద్యోగంలో మరి దేనికీ రాలేదు. ఆ రెంటినీ అతికించింది నేను. తెర మీద పడిన పేరు మాత్రం నాది కాదు. ఆ అతుకు వల్ల ఊళ్లో పోయిన పేరూ నాది కాదు. ఈ రెండు సంగతులూ రాయడానికే కూర్చున్నాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు పనికొస్తాయనుకున్నవి మధ్యలో చెబుతాను.

ఫిల్ము గది

మాది చిత్తూరు. నాయనకు బజారువీధిలో బట్టల అంగడి. గుడ్డ కొలిచి చింపేటప్పుడు ఆయన ఎప్పుడూ రెండు వేళ్ల వెడల్పు ఎక్కువ వదిలి చింపేవాడు. కుట్టేవాడికి చోటు ఉండాలప్పా అనేవాడు. ఆ అంగడి నాకు నచ్చలేదు. మద్రాసులో ఒక ల్యాబులో కొన్నాళ్లు పని నేర్చుకుని, డెబ్భైల చివర్లో తిరుపతిలో ఒక కాలేజీవాళ్లు పెట్టిన చిన్న ఫిల్ము విభాగంలో చేరాను. అంతకుముందు అది హాస్టలు వంటగది. చుట్టూ మసిబారిన గోడలు, పైన రేకులు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ గదిలో కూర్చుంటే అతికించే జిగురు వాసనకు తల తిరిగేది.

మా దగ్గర కీ ఇచ్చి తిప్పే కెమెరా ఒకటి, చేత్తో తిప్పుతూ బొమ్మ చూసుకునే యంత్రం ఒకటి, ఫిల్మును కోసి అతికించే పరికరం ఒకటి ఉండేవి. పెద్ద సినిమాలకు నెగటివ్ ఉంటుంది. దాన్నుంచి ప్రింటు తీసి ఆ ప్రింటును కోస్తారు. తప్పు కోస్తే ఇంకో ప్రింటు తీసుకోవచ్చు. మాకు ఆ వసతి లేదు. కెమెరాలో తిరిగిన ఫిల్మే మద్రాసులో కడిగించుకొస్తే బొమ్మై వచ్చేది. ఆ ఒక్కటే మాకు ఆధారం. దాన్నే కోసేవాళ్లం, దాన్నే మిషన్లో పెట్టి చూపించేవాళ్లం. తీసేసిన ముక్కను మళ్లీ కలపాలంటే అతుకు దగ్గర ఒకటో రెండో బొమ్మలు పోయేవి. మీ కంప్యూటర్లో చేసింది వెనక్కి తీసుకునే మీట ఉంది. అది ఉన్నందువల్ల మీకు భయం తక్కువ. ఆ భయం ఉన్నవాళ్లం మేము జాగ్రత్తగా ఉన్నామని మాత్రం అనుకోకండి.

విభాగానికి పెద్ద నాదముని గారు. తడ వైపు మనిషి. మాటలో సగం తమిళం దొర్లేది. ఫిల్ము వృథా చేస్తే మండిపడేవాడు, మనిషి మాత్రం దయగలవాడు. విద్యార్థుల సినిమాలో విద్యార్థుల పేర్లే వేయాలని ఆనవాయితీ పెట్టింది ఆయనే. కెమెరా నేను పట్టినా, కోత నేను కోసినా, నా పేరు రాకూడదు. "మనకు జీతం వస్తా ఉండాది గదప్పా. పేరు వాళ్లకు రానీ" అనేవాడు. మంచి మనసుతో పెట్టిన పద్ధతే. పేరు రాదు కాబట్టి మాట కూడా రాదన్న ధైర్యం దానివల్ల నాలో పెరుగుతూ ఉందని నాకు అప్పట్లో తెలియలేదు.

సూర్యోదయాల డబ్బా

విద్యార్థుల సినిమాలన్నీ సూర్యోదయంతో మొదలయ్యేవి. చేనేత మీద తీసినా, వేరుశనగ తెగులు మీద తీసినా, మొదట కొండల మీద సూర్యుడు రావలసిందే. పొద్దున్నే లేచి కెమెరా మోసుకుపోవడం, మబ్బు పట్టిందని ఉత్త చేతులతో తిరిగి రావడం, మధ్యలో ఫిల్ము ఖర్చు. నాదముని గారు విసిగిపోయి ఒక ఉపాయం చేశాడు. మిగిలిపోయిన సూర్యోదయాలన్నీ ఒక రేకు డబ్బాలో పెట్టించాడు. ఎవరికి కావాలంటే వాళ్లకు అందులోంచి ఒకటి తీసి ఇవ్వడమే. "ఏమప్పా, నీకు మబ్బుల్తో కావాల్నా, మబ్బుల్లేకుండా కావాల్నా?" అని అంగట్లో బేరం చేసినట్టు అడిగేవాడు.

ఆ డబ్బాలో అన్నిటికంటే బాగున్నది సూర్యోదయమే కాదు. నేనే ఒక సాయంత్రం రేణిగుంట దారిలో తీసిన అస్తమయం. ముక్కను తిరగేసి పెడితే సూర్యుడు పైకి వచ్చేవాడు. పక్షులు వెనక్కి ఎగిరేవి కాని అవి చాలా చిన్నవి, ఎవరూ పట్టించుకోలేదు. ఒక సినిమా చూపించడం అయిపోగానే ఊడదీసి ఇంకోదానికి అతికించేవాళ్లం; అలా ఎన్నో సినిమాలు ఆ ముక్కతో మొదలయ్యాయి. అది తెర మీదికి వచ్చినప్పుడల్లా నేనూ నాదముని గారూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్లం.

ఇందులో నేను నేర్చుకున్న పాఠం తప్పు పాఠం. చూసేవాడు ముక్కలను చూడడు, ముక్కల మధ్య తాను కల్పించుకున్నదే చూస్తాడని నేర్చుకున్నాను. అది నిజమే. దాంతోపాటు, ఎవరూ వచ్చి అడగరని కూడా నేర్చుకున్నాను. సూర్యుడు వచ్చి అడగడు. మనుషులు అడుగుతారు.

సుధాకర్ తెచ్చిన సినిమా

సుధాకర్ బి.ఏ. చదివే కుర్రవాడు. తిరుపతి నుంచి పుత్తూరు పోయే దారిలో, వడమాలపేట దగ్గర వాళ్ల ఊరు. ఆ ఏడు వానల్లేవు. తన ఊళ్లో నీళ్ల కరువు మీద సినిమా తీస్తానని కాగితం రాసుకొచ్చాడు. అందులో సూర్యోదయం లేదు. అది చూసే నాదముని గారు ఒప్పుకున్నాడు.

ఊళ్లో ఒక చేతిపంపు ఉండేది. దానికింద కడవలు వరస కట్టి ఉండేవి. ఎంత కొట్టినా సన్నటి ధార. ఊరి బయట మునిరత్నం నాయుడి బావి ఒక్కటే ఎండలేదు. అరవై దాటిన మనిషి, కొద్దిగా పొలం, ఒక మోటారు. కరెంటు వచ్చిన గంటల్లో మోటారు వేసి, ముందు ఊరి ఆడవాళ్ల కడవలు నింపించి, తర్వాతే మళ్లకు నీళ్లు మళ్లించేవాడు. సుధాకర్‌కు చుట్టం కాకపోయినా ఊరి వరసను మామ అయ్యేవాడు. మమ్మల్ని తన బావి దగ్గర సినిమా తీసుకోమన్నది కూడా ఆయనే.

మొదట చేతిపంపు దగ్గర తీశాం. కుప్పమ్మ అనే నడివయసు మనిషి ఖాళీ కడవ చంకలో పెట్టుకుని వరసలో నిలబడి ఉంది. ఆమె మొహం దగ్గరగా తీస్తుండగా ఒక కుక్క వచ్చి కెమెరా స్టాండు కాళ్లు వాసన చూడబోయింది. సుధాకర్ స్నేహితుడు దాన్ని తరిమాడు. కుప్పమ్మ తల పక్కకు తిప్పి, కనుబొమలు ముడిచి, ఆ కుక్క వైపు చిరాగ్గా చూసింది. కీ అయిపోయి కెమెరా ఆగింది. బాగా వచ్చిందని నాకు అప్పుడే తెలుసు.

కరెంటు వచ్చే వేళకు నాయుడి బావి దగ్గరికి పోయాం. గట్టు మీద ఆడవాళ్లు కడవలతో కూర్చుని ఉన్నారు. మోటారు వేయగానే గొట్టంలోంచి నీళ్లు సిమెంటు తొట్టిలోకి దూకాయి. రాత్రంతా ఇనపగొట్టంలో నిలిచిన నీళ్లు, తుప్పు కలిసి ఎర్రగా ఉన్నాయి. నాయుడు పంచె ఎగగట్టి ఆ ధార కింద కూర్చున్నాడు.

"ఇవి ఎర్రనీళ్లప్పా" అన్నాడు నాతో. "కూటికి, తాగేదానికి పనికిరావు. పారబోసేదెందుకని నేను పోసుకుంటా. తెల్లగా వచ్చినాక వాళ్లకు."

నేను కెమెరా తిప్పడం మొదలుపెట్టాను. ఆయన బిగుసుకుపోయి కూర్చున్నాడు. మనిషిని మామూలుగా చేయడానికి ఏదో ఒక మాట అనడం నాకు అలవాటు.

"నాయుడుగారూ, బొజ్జ ఫ్రేములో పట్టేట్టు లేదు. కొంచెం లోపలికి పట్టండి" అన్నాను.

ఆయన పగలబడి నవ్వాడు. నోటి నిండా నీళ్లు, కళ్ల నిండా నీళ్లు, తొట్టి అంచు మీద చెయ్యి కొట్టుకుంటూ నవ్వాడు. తర్వాత జరిగింది కూడా కెమెరాలో వచ్చింది. అది చివర్లో చెబుతాను.

అతుకు

ఫిల్ము మద్రాసు నుంచి కడిగి వచ్చాక సుధాకర్ రోజూ క్లాసులు అయిపోగానే నా గదికి వచ్చేవాడు. వాడు కాగితం మీద రాసుకున్న ప్రకారం సినిమా నాయుడి బావి దగ్గర ముగియాలి. ఊరంతా ఎండినా ఒక మనిషి ఎలా నడుపుతున్నాడో చూపించడం వాడి ఉద్దేశం. వరస ప్రకారం అతికించి చూస్తే తప్పేమీ లేదు. ఊపు మాత్రం లేదు. చూసేవాడు ఆవులిస్తాడని నాకు అనిపించింది.

ఒక మధ్యాహ్నం ఒక్కణ్నే కూర్చుని, కుప్పమ్మ పక్కకు తిరిగి చూసే ముక్క తర్వాత నాయుడి నవ్వు పెట్టి చూశాను. ఖాళీ కడవ, ముడిపడిన కనుబొమలు, ఆ చూపు. వెంటనే ధారలుగా నీళ్లు, ఆ నీళ్లలో బొజ్జ ఊపుతూ నవ్వే మనిషి. వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. కుక్క మాయమైపోయింది. కుప్పమ్మ నాయుణ్నే చూస్తోంది. నాయుడు ఆమెను చూసే నవ్వుతున్నాడు. మాది నలుపు తెలుపు ఫిల్ము, అందులో ఎర్రనీళ్లు తళతళా మెరిసే తెల్లనీళ్లయ్యాయి.

నవ్వు చివర కోసేశాను. ఆ తర్వాతిది ఉంటే అంతా విడిపోతుంది.

సుధాకర్ వచ్చి చూశాడు. మొదట వాడి కళ్లు కూడా మెరిశాయి. రెండోసారి వేయించుకుని చూశాక నెమ్మదిగా అడిగాడు.

"మామ ఆడోళ్లను పిలిచినాడు గద సార్. అది ఉంచుదాం."

"అది పెడితే ఓపెనింగ్ నీరుగారిపోతుంది" అన్నాను.

"మామ అట్లాంటోడు కాదు సార్."

"ఇది మీ మామ కథ కాదబ్బాయ్. నీళ్లున్నవాడు, నీళ్లు లేనివాడు. చూసేవాళ్లకు ఆయనెవరో తెలుసా ఏమన్నా?"

నేను పెద్దవాణ్ని, మద్రాసులో పని చేసొచ్చినవాణ్ని. సరే సార్ అన్నాడు. ఆ మాటను తర్వాత చాలాకాలం వాడి సమ్మతిగా నేను చెప్పుకున్నాను, ముఖ్యంగా నాకు నేను. మీరు రేపు ఎవరో కుర్రవాడి సినిమా కోస్తారు. వాడు సరే అన్న తీరును ఒకసారి చెవిపెట్టి వినండి.

బొమ్మ వెనక వినిపించే మాటలు చదివి టేపులోకి ఎక్కించేటప్పుడు కూడా ఆ చోట మాటలేమీ వద్దన్నాను. నీళ్ల చప్పుడు ఒక్కటే పెట్టాం. చివర్లో బావి గురించి సుధాకర్ రాసుకున్న మాటలు కూడా, నిడివి ఎక్కువైందని, సగం తీసేయించాను. సినిమా ఊరి ఎండిన చెరువు మీద ముగిసింది.

పంచె మీద బొమ్మ

ఏ ఊళ్లో తీస్తే ఆ ఊళ్లో చూపించాలన్నది నాదముని గారి ఇంకో నియమం. జీపులో మిషన్ వేసుకుని నేనూ ఆయనా పోయాం. పొద్దు గుంకే వేళకే భజనగుడి ముందు ఊరంతా చేరింది. పక్క ఊళ్ల నుంచి కూడా వచ్చారు. మా తెర గుడ్డకు చిరుగు పడి ఉంటే, నాయుడు ఇంటికి పోయి పెట్టెలోంచి కొత్త పంచె తెచ్చి గోడకు కట్టించాడు. ముందు వరసలో నులకమంచం వేయించుకుని కూర్చున్నాడు. పక్కన సుధాకర్ తల్లి, ఇంకొంతమంది ఆడవాళ్లు.

పేర్లు పడ్డాయి. సుధాకర్ పేరు చూసి పిల్లలు ఈల వేశారు. కుప్పమ్మ కనిపించగానే కేకలు. ఆ వెంటనే నాయుడు. పక్క ఊరివాళ్లు మొదట నవ్వారు. తర్వాత వాళ్లలో ఒకడు ఒక బూతుమాట అన్నాడు, నాయుడు ముందే కూర్చున్నాడని తెలియక. ఆ ఊరి జనం కూడా నవ్వలేక, ఊరుకోలేక కూర్చున్నారు. తన పంచె మీదే తన బొమ్మను నాయుడు కదలకుండా చూశాడు.

సినిమా అయిపోయి దీపం వేశాక కుప్పమ్మ లేచి నిలబడింది.

"నేను ఆ పొద్దు సూసింది కుక్కనబ్బా, నాయుణ్ని కాదు" అంది. "నాయుడు పిలిస్తే పోయి కడవ నింపుకున్న్యా గూడా. అది యాడ పోయింది?"

వెనక నుంచి ఎవడో అందుకున్నాడు. "కుప్పమ్మ నాయుణ్ని సూసి కుక్కనుకున్నిందంట!"

జనం విరగబడి నవ్వారు. కుప్పమ్మ ఇంకేదో చెబుతూనే ఉంది, వినబడలేదు. ఆ ఊళ్లో నిజం చెప్పిన మనిషి ఆమె ఒక్కతే. ఆ మాట అక్కడికక్కడే వేళాకోళమైపోయింది. నేను ఒక్క మాట అనుంటే సరిపోయేది. ఆమె చెప్పింది నిజం, ఆ ముక్క నా గదిలో ఉంది అంటే చాలు. నేను ఫిల్ము వెనక్కి చుడుతూ ఉన్నాను.

నాయుడు మంచం మీంచి లేచి మా దగ్గరికి వచ్చాడు. గొంతు పెంచలేదు.

"ఎవురప్పా దీన్ని ఈ మాదిరి అతికించింది?"

నాదముని గారు నా వైపు చూశాడు. ఆయనకు తెలుసు. నేను చెబుతానని ఎదురుచూశాడని ఇప్పుడనిపిస్తుంది. నేను తల ఎత్తకుండా అన్నాను.

"పిల్లోళ్ల సినిమా నాయుడుగారూ. అంతా వాళ్లే చేసుకున్నారు."

అబద్ధం చెబుతున్నానని అప్పుడు అనిపించలేదు. తెర మీద పడింది వాళ్ల పేరే కదా. అందరూ సుధాకర్ వైపు తిరిగారు. వాడు నన్ను చూశాడు. నాయుడు గోడ దగ్గరికి పోయి, తన పంచె తానే విప్పుకుని, మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. సుధాకర్ తల్లి రెండడుగులు ఆయన వెంట పోయి ఆగిపోయింది.

ముక్క ఎటు పోయింది

తర్వాతి వారం సుధాకర్ వచ్చాడు. ఊళ్లో మామను తొట్టినాయుడని పిలుస్తున్నారని చెప్పాడు. నీళ్లు తీసుకునేవాళ్లే తీసుకుంటూ అంటున్నారట. వాడి తల్లి ఆ బావి దగ్గరికి పోవడం మానేసి, ఎండలో చేతిపంపు దగ్గర నిలబడుతోందట. మామ ఆమెను ఏమీ అనలేదు. ఆమే పోలేకపోతోంది.

"ఆ ముక్క అతికిద్దాం సార్. ఊళ్లో ఇంకోసారి ఏద్దాం" అన్నాడు.

ముక్క అప్పటికి నా బల్ల సొరుగులో రేకు డబ్బాలో భద్రంగా ఉంది. అయితే సినిమా విద్యార్థుల పోటీకి పోవలసి ఉంది. తిరిగి రానీ, అప్పుడు చేద్దామన్నాను. బహుమతితో తిరిగి వచ్చింది. న్యాయనిర్ణేతలు ఓపెనింగును ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. ఇక దాన్ని ముట్టుకోకూడదన్నాను. ఈ మాట పైవాళ్లు అన్నారని సుధాకర్‌తో చెప్పాను. ఎవరూ అనలేదు, నేనే అన్నాను.

బహుమతి వచ్చింది కాబట్టి కాలేజీవాళ్లు జిల్లా అంతా చూపించమన్నారు. పుత్తూరు, నగరి, ఇటు చిత్తూరు చుట్టుపక్కల పల్లెలు. మిషన్ తిప్పింది నేనే. ప్రతి ఊళ్లోనూ ఆ తొట్టి దగ్గర జనం నాయుణ్ని తిట్టారు. నాయుడి భార్య పుట్టిన ఊళ్లో కూడా చూపించామని తర్వాత తెలిసింది.

మా గదిలో పనికిరాని ఫిల్ము ముక్కలన్నీ గోనెసంచిలో వేసి ఉంచితే మద్రాసు నుంచి ఒకతను వచ్చి తీసుకుపోయేవాడు. ఆ ఫిల్మును కాల్చితే వెండి వస్తుంది. గది సున్నం కొట్టించిన ఏడు, సొరుగులు ఖాళీ చేసి డబ్బాలన్నీ సంచిలో కుమ్మరించాం. అందులో అదీ పోయింది. ఎవరో పొరపాటున పారేశారని సుధాకర్‌తో అన్నాను. ఆ డబ్బా మూత తీసినప్పుడు అందులో ఏముందో నాకు తెలుసు. ఒక క్షణం చేతిలో పట్టుకుని కూడా ఉన్నాను.

ఎందుకు చేశానని నన్ను నేను ఎన్నోసార్లు అడిగాను. భయపడి కాదు. బయటపడ్డా నా ఉద్యోగానికి వచ్చే నష్టమేమీ లేదు. ఆ ఓపెనింగంటే నాకు ఇష్టం. నేను చేసినవాటిలో అంత బిగువుగా కుదిరింది మరొకటి లేదు. ఆ ముక్క లోకంలో ఉన్నంతకాలం ఎవరో ఒకరు దాన్ని తెచ్చి మధ్యలో అతికిస్తారేమోనని ఉండేది. మీలో మంచి ఎడిటర్ అయ్యేవాళ్లకు ఈ రోగం తప్పకుండా వస్తుంది. అందుకే రాస్తున్నాను.

నాయుడి ఇంట్లో

ఎనభైల చివరికి మా విభాగంలోకి వీడియో వచ్చింది. ఫిల్ము పని దాదాపు ఆగిపోయింది. నాదముని గారు రిటైరై తడకు వెళ్లిపోయే రోజు నన్ను పక్కకు పిలిచి, ఆ నాయుడి దగ్గరికి ఒక్కసారి పోయి రాప్పా అన్నాడు. ఆయన ఆ విషయం ఎత్తడం అదే మొదలు, అదే చివర.

ఒక ఆదివారం పోయాను. బావి ఎండిపోయి ఉంది. తొట్టి పగుళ్లిచ్చి, అందులో ఎండుకట్టెలు వేసుకున్నారు. నాయుడు మిద్దె ముందు అరుగు మీద కూర్చుని చింతపండు పిక్క తీస్తున్నాడు. నన్ను గుర్తుపట్టాడు.

"మిషన్ తిప్పినోడివి గదా. కూర్చో."

నేను చెప్పాను. కోసింది నేనని, సుధాకర్ వద్దన్నాడని, ఆ రాత్రి మీరు అడిగినప్పుడు అబద్ధం చెప్పానని, ఆ ముక్క పోయిందని కూడా. ఆయన పిక్క తీయడం ఆపలేదు. నేను ముగించాక, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు చూశాడు.

"నేను పిల్సింది నాకు తెలీదా?" అన్నాడు. "నాకు సెప్తే ఏముండాది. సూసినోళ్లకు సెప్పు."

ఆయన ఇంకో పిడికెడు చింతపండు ముందుకు లాక్కున్నాడు.

"సుధాకర్ వాళ్లమ్మ సచ్చిపోయిందాకా నా బాయికాడికి రాలేదు" అన్నాడు మళ్లీ. "నేనే ఒకసారి పోయి రామ్మా అని పిల్సినా. కొంగు నోట్లో పెట్టుకుని లోపలికి పోయింది. ఆ యమ్మకు సెప్పుంటే బాగుండు నువ్వు."

లేవబోతుంటే మజ్జిగ ఇప్పించాడు. తాగి వచ్చేశాను. చూసినవాళ్లకు చెబుతానని మాట ఇచ్చాను. చెప్పలేదు. రేపు, ఎల్లుండి అంటూ ఉండగానే నాయుడు పోయాడు. యాభై దాటగానే నేను ఉద్యోగం వదిలేసి ఇంట్లో కూర్చున్నాను.

ఇది రాయడానికి ముందు సుధాకర్‌ను వెతుక్కుంటూ పోయాను. తడ దగ్గర ఒక బడిలో పంతులు. సినిమా జోలికి మళ్లీ పోలేదు. రాయనా అని అడిగాను.

"రాయండి సార్" అన్నాడు. "నా పేరు తీసేయమని మాత్రం అడగను. చప్పట్లు కొట్టినప్పుడు నాకూ బాగుండింది. దాని పక్కన మీ పేరూ పెట్టండి, చాలు."

పెడుతున్నాను. ఆ సినిమా ఎడిటింగ్ నాది.

ఆ ముక్కలో ఉన్నది

ఆ ముక్క ఇప్పుడు ఎక్కడా లేదు. నేను దాన్ని యంత్రం మీద ఎన్నోసార్లు ముందుకూ వెనక్కీ తిప్పి చూశాను కాబట్టి ఒక్కొక్క బొమ్మా గుర్తుంది. సినిమా చూసినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, నాయుడు తొట్టిలో నవ్వుతున్న చోట ఆగండి. ఆయన నవ్వుతున్నది నా మాటకు. పోసుకుంటున్నవి ఎర్రనీళ్లు. ఇక్కడి నుంచి నేను కోసేసింది.

నాయుడు నవ్వు ఆపుకుని మొహం తుడుచుకుంటాడు. గొట్టం కింద దోసిలి పడతాడు. దోసిట్లో నీళ్లను కళ్లకు దగ్గరగా తెచ్చుకుని చూసి పారబోస్తాడు. కాసేపు ఊరుకుని మళ్లీ పడతాడు. ఈసారి ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, పక్కకు ఉమ్మి, తల ఊపుతాడు. తొట్టిలోంచి లేచి, నీళ్లు కారే పంచెతోనే గట్టు వైపు తిరిగి చెయ్యెత్తి పిలుస్తాడు. శబ్దం లేదు, పెదవులు కదలడం తెలుస్తుంది. మొదట ఒక కడవ అంచు కనిపిస్తుంది. తర్వాత కుప్పమ్మ. ఆమె వెనక సుధాకర్ తల్లి. నాయుడు పక్కకు జరిగి వాళ్లకు చోటిస్తాడు.